ఓటీటీ తెర వెనక లెక్క, మనం వెతికే సినిమా

ఓటీటీ యాప్ తెరిచాక ఏం చూడాలో తేల్చుకోవడానికి మనకుండే ఓపిక ఎంత? నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేసిన కార్లోస్ గోమెజ్-ఉరీబే, నీల్ హంట్ 2015లో రాసిన పరిశోధన వ్యాసంలో దీనికి జవాబుంది: 60 నుంచి 90 సెకన్లు. ఆ కాస్త సమయంలో పదీ ఇరవై పోస్టర్లు కళ్ల ముందు కదులుతాయి. వాటిలో ఏ మూడింటి దగ్గరో కాస్త ఆగుతాం. ఏదీ మనసుకు పట్టకపోతే యాప్ మూసేసి వేరే పనిలో పడతాం. వేల సినిమాల్లోంచి ఆ ఇరవై ఏవన్నది మనం రిమోట్ పట్టుకోకముందే ఒక లెక్క తేల్చేసి ఉంచుతుంది. తమ దగ్గర జనం చూసే గంటల్లో సుమారు 80 శాతం సిఫార్సుల వల్లే మొదలవుతున్నాయనీ, పేరు పెట్టి వెతికి చూసేది మిగతా 20 శాతమేననీ ఆ ఇద్దరూ రాశారు.

అంటే మన ఇంట్లో రాత్రిపూట ఏ సినిమా ఆడుతుందో చాలావరకు నిర్ణయిస్తున్నది ఆ లెక్కే. దాని బలం ఎక్కడుందో, అది చూడలేనిది ఏమిటో తెలుసుకుంటే మంచి సినిమా దొరకబుచ్చుకోవడమూ, ఏ సర్వీసుకు డబ్బు కట్టాలో తేల్చుకోవడమూ సులువవుతాయి.

ఈ లెక్క పుట్టింది సినిమాల కోసం కాదు. 1990ల మొదట్లో ఈ-మెయిళ్లు, యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికల్లోని వార్తలు గుట్టలుగా వచ్చిపడుతుంటే వాటిలో చదవదగ్గవి ఏరుకోవడం ఎలాగన్నది సమస్య. అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రం 1992లో 'టేపెస్ట్రీ' అనే వ్యవస్థను పరిచయం చేస్తూ ఈ ఏరివేత పద్ధతికి కొలాబరేటివ్ ఫిల్టరింగ్ అని పేరు పెట్టింది. 1994లో గ్రూప్‌లెన్స్ బృందం పాఠకులు ఇచ్చే మార్కులను బట్టి వార్తలను వడపోసి చూపించింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని అదే బృందం 1997లో 'మూవీలెన్స్' మొదలుపెట్టి ఈ పద్ధతిని సినిమాలకు తెచ్చింది. సూత్రం చాలా చిన్నది. మీరూ, మరొకరూ ఇదివరకు చూసిన ఇరవై సినిమాల మీద ఇంచుమించు ఒకే మాట చెప్పారనుకోండి. ఆయన చూసి, మీరు చూడని ఇరవై ఒకటో సినిమా మీదా ఇద్దరి మాటా కలిసే అవకాశం ఎక్కువ. ఆ సినిమాలో కథేమిటో, హీరో ఎవరో యంత్రానికి తెలియనక్కర్లేదు. ఎవరు దేనికి ఎన్ని మార్కులు వేశారన్న పట్టిక ఉంటే చాలు.

పట్టికలో చిక్కేమిటంటే అది దాదాపు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ ఎంతో లోకానికి తెలిసింది 2006 అక్టోబరులో. అప్పటికి నెట్‌ఫ్లిక్స్ డీవీడీలు పోస్టులో పంపే కంపెనీ. 4,80,189 మంది చందాదారులు 17,770 సినిమాలకు వేసిన 10 కోట్లకు పైగా రేటింగులను పేర్లు తీసేసి బయటపెట్టి, మా సొంత సిఫార్సు వ్యవస్థ 'సినీమ్యాచ్' కన్నా 10 శాతం మెరుగ్గా జోస్యం చెప్పినవాళ్లకు 10 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. పది కోట్లు పెద్ద సంఖ్యే. కానీ ఆ పట్టికలో మొత్తం గడులు 850 కోట్ల పైచిలుకు. నూటికి తొంభై ఎనిమిదికి పైగా గడుల్లో ఏమీ లేదు. ఆ ఖాళీలను నింపడమే పందెం.

ఖాళీలు నింపడానికి బాగా పనికొచ్చిన ఉపాయాన్ని ఆ ఏడాది డిసెంబరులో సైమన్ ఫంక్ అనే పేరుతో ఒకాయన అందరికీ తెలిసేలా రాసిపెట్టాడు. పందెంలో ఉన్నవాళ్లంతా దాన్ని అందిపుచ్చుకున్నారు. అదేమిటో మన సినిమాలతోనే చూద్దాం. ప్రతి సినిమాకూ కొన్ని అంకెలు, ప్రతి ప్రేక్షకుడికీ అన్నే అంకెలు ఉన్నాయనుకుందాం. మొదటి అంకె హాస్యం పాలు, రెండోది భారీతనం అనుకోండి. 'మాయాబజార్'కు 0.8, 0.9 వేద్దాం. 'మా భూమి'కి మైనస్ 0.7, 0.1. ఇప్పుడు నవ్వించే సినిమాలంటే బాగా ఇష్టం, భారీతనం మీద కొద్దిపాటి మోజు ఉన్న ఒక ప్రేక్షకురాలిని తీసుకుందాం. ఆమె అంకెలు 1, 0.2. సినిమాలన్నిటికీ కలిపి సగటు రేటింగు 3.6 స్టార్లు. ఆమె అంకెలను సినిమా అంకెలతో వరసగా హెచ్చవేసి సగటుకు కలిపితే 'మాయాబజార్'కు 4.58 వస్తుంది, 'మా భూమి'కి 2.92. అంతే. మొదటిది ఆమె తెర మీద ముందు వరసలోకి వస్తుంది. రెండోది ఎక్కడో అడుగుకు పోతుంది.

ఇక్కడ నేను హాస్యం, భారీతనం అని పేర్లు పెట్టాను గానీ అసలు లెక్కలో ఎవరూ పెట్టరు. తెలిసిన రేటింగులకు సరిపోయేదాకా అంకెలను కొద్దికొద్దిగా సవరించుకుంటూ పోవడమే కంప్యూటర్ పని. అలా పదుల్లో, వందల్లో అంకెలు తయారవుతాయి. తీరా చూస్తే వాటిలో ఒకటి పిల్లల సినిమాలనూ పెద్దల సినిమాలనూ విడదీస్తున్నట్టు కనిపిస్తుంది, మరొకదానికి మనం చెప్పగలిగే అర్థమే ఉండదు. ఒక్క సీను కూడా చూడకుండా, ఉత్త మార్కుల పట్టికలోంచి మనుషుల అభిరుచి ఇలా ఆకారం కట్టడం నాకు ఇప్పటికీ గొప్ప ఆశ్చర్యం.

పందెం తేలడానికి మూడేళ్లు పట్టింది. ఏటీ అండ్ టీ ప్రయోగశాలకు చెందిన బృందం, ఒక ఆస్ట్రియా బృందం, మాంట్రియల్‌కు చెందిన ఇద్దరు ఇంజినీర్లు కలిసి 'బెల్‌కోర్స్ ప్రాగ్మాటిక్ కేయాస్' అనే పేరుతో 10.06 శాతం మెరుగుదల సాధించారు. 'ది ఎన్సెంబుల్' అనే మరో బృందమూ సరిగ్గా అంతే సాధించింది. కాకపోతే వాళ్ల ఫలితం 20 నిమిషాలు ఆలస్యంగా చేరింది. 2009 సెప్టెంబరులో బహుమతి మొదటివాళ్లకు దక్కింది.

గెలిచిన లెక్క ఎంత కచ్చితమైనది? ఈ లెక్కల్లో తప్పును కొలిచే కొలమానం ప్రకారం సినీమ్యాచ్ తప్పు 0.9525 స్టార్లు, గెలిచినవాళ్లది 0.8567. ప్రపంచంలోని మేటి బుర్రలు మూడేళ్లు శ్రమించినా జోస్యం దాదాపు ఒక స్టారు అటో ఇటో తప్పుతూనే ఉంది. దీనికి వాళ్ల లెక్కను తప్పుపట్టలేం. కొలవబోయిన వస్తువే నిలకడ లేనిది. ఇవాళ నాలుగు స్టార్లు వేసిన మనిషి ఆర్నెల్లు పోయాక అదే సినిమాకు మూడు వేస్తాడు. గెలిచిన బృందంలోని యెహుదా కోరెన్ ఈ కాల ప్రభావాన్ని ప్రత్యేకంగా పట్టి చూశారు. 2004 మొదట్లో ఆ పట్టికలోని సగటు రేటింగు ఉన్నట్టుండి పెరిగిందనీ, సినిమా పాతబడేకొద్దీ దానికి పడే మార్కులు పెరుగుతాయనీ కనిపెట్టారు. పాత సినిమాను పనిగట్టుకుని వెతుక్కుని చూసేవాళ్లకు అది నచ్చే అవకాశం ఎక్కువ కదా.

ఆ పందెం మరో సంగతీ బయటపెట్టింది. పేర్లు తీసేస్తే చాలు, మనిషిని గుర్తుపట్టలేరనుకున్నారు. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ ఆ నమ్మకం తప్పని చూపించారు. ఒక మనిషి వేసిన ఎనిమిది రేటింగులు, రెండు వారాలు అటూ ఇటూగా వాటి తేదీలు తెలిస్తే చాలు, ఆ ఎనిమిదిలో రెండు తప్పయినా సరే, 99 శాతం సందర్భాల్లో పట్టికలో ఆ మనిషి వరుస ఏదో పట్టేయవచ్చు. మనం ఏయే సినిమాలు చూశామన్నది దాదాపు వేలిముద్ర. రెండో పందెం పెట్టాలన్న ఆలోచనను నెట్‌ఫ్లిక్స్ 2010 మార్చిలో విరమించుకుంది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. గెలిచిన లెక్కలోని కొన్ని భాగాలను వాడుకున్నారు గానీ మొత్తాన్ని ఎన్నడూ అమలులో పెట్టలేదు. వచ్చే లాభానికి పడాల్సిన శ్రమ ఎక్కువన్నారు. పైగా ఈలోగా వ్యాపారమే మారిపోయింది. డీవీడీ రోజుల్లో ప్రేక్షకుడు ఏమనుకున్నాడో తెలియాలంటే అతను చెప్పాల్సిందే. స్ట్రీమింగులో చెప్పనక్కర్లేదు. ఎన్నో నిమిషం దగ్గర ఆపాం, మళ్లీ తెరిచామా, ఏ పోస్టర్ మీద ఆగి ముందుకెళ్లాం, రాత్రి పదకొండుకి ఏం చూస్తాం, అన్నీ వాళ్లకు తెలుస్తాయి. 2017లో నెట్‌ఫ్లిక్స్ స్టార్లు తీసేసి బొటనవేలి గుర్తులు పెట్టింది. జనం డాక్యుమెంటరీలకు ఐదు స్టార్లు వేసి, చూడటం మాత్రం తాము మూడు స్టార్లు వేసిన తేలికపాటి సినిమాలే చూస్తున్నారని అప్పట్లో కంపెనీ ప్రతినిధులు వివరించారు.

ఈ వ్యవహారమంతటిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదేనని నా అభిప్రాయం. మనం గౌరవించే సినిమా ఒకటి, అలసిపోయి ఇంటికొచ్చి చూసే సినిమా మరొకటి. రెండూ మనవే, రెండూ కావాలి. కానీ యంత్రం నేర్చుకునేది రెండో దాని నుంచే. గోమెజ్-ఉరీబే, హంట్ దాపరికం లేకుండా రాసినట్టు, చందాదారుడు వచ్చే నెల కూడా డబ్బు కట్టాలన్నదే వాళ్ల లక్ష్యం. ఈ సిఫార్సుల వల్ల ఏటా 100 కోట్ల డాలర్లకు పైగా ఆదా అవుతోందని కూడా వాళ్లే చెప్పారు. వెనకటికి ఊళ్లో క్యాసెట్లు అద్దెకిచ్చే వీడియో లైబ్రరీ ఆయన కూడా వ్యాపారమే చేశాడు. కానీ క్యాసెట్ తిరిగిచ్చేటప్పుడు "ఎలా ఉందండీ?" అని అడిగేవాడు. ఈ యంత్రానికి కావాల్సింది మనం చివరిదాకా చూశామా లేదా అన్న జవాబే.

పోస్టర్ల సంగతీ తెలుసుకోవాలి. 2017 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లే 'గుడ్ విల్ హంటింగ్' సినిమాతో ఒక ఉదాహరణ ఇచ్చారు. ప్రేమకథలు ఎక్కువగా చూసేవాళ్లకు ఆ సినిమా బొమ్మగా మ్యాట్ డేమన్, మినీ డ్రైవర్ జంట కనిపించవచ్చు. హాస్య చిత్రాలు చూసేవాళ్లకు అదే సినిమా రాబిన్ విలియమ్స్ ముఖంతో రావచ్చు. సినిమా ఒకటే, ఎర మాత్రం మన చరిత్రను బట్టి మారుతుంది. కాబట్టి థంబ్‌నెయిల్ చూసి సినిమా ఎలాంటిదో అంచనా వేయకూడదు. అది మన గురించి చెబుతుంది గానీ సినిమా గురించి చెప్పేది తక్కువ.

యంత్రం సంగతి సరే, జనం మాట నమ్ముదామా? 2006లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 తీసుకుని, 14 వేల మందికి పైగా శ్రోతలను గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు పాటల పేర్లే కనిపిస్తాయి. మిగతా ఎనిమిది గుంపుల్లో తమ గుంపువాళ్లు ఏ పాటను ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేశారో కూడా కనిపిస్తుంది. అవే 48 పాటలు ఒక్కో గుంపులో ఒక్కో రకంగా హిట్లు, ఫ్లాపులు అయ్యాయి. మరీ మంచివి అడుగుకు పోవడం, మరీ చెడ్డవి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటి జాతకం మాత్రం తొలి కొద్దిమంది ఏం ఎంచుకున్నారన్న దాని మీదే ఆధారపడింది. ఓటీటీల్లో కనిపించే 'టాప్ 10' వరస ఇదే పని చేస్తుంది. ఎక్కువమంది చూస్తున్నారు కాబట్టి పైన ఉంటుంది, పైన ఉంది కాబట్టి ఇంకా ఎక్కువమంది చూస్తారు.

రేటింగుల్లోనూ చదవాల్సిన తీరుంది. 40 మంది ఓటేసిన ఒక సినిమాకు 9.2, 40 వేల మంది ఓటేసిన మరోదానికి 8.1 ఉందనుకోండి. మొదటిది గొప్పదని చెప్పగలమా? ఐఎండీబీ తన మేటి 250 జాబితాకు వాడుతున్నట్టు ప్రకటించిన సూత్రం ప్రతి సినిమాకూ ముందుగా కొన్ని సగటు ఓట్లు కలుపుతుంది. వెయ్యి ఓట్లు 6.5 చొప్పున కలిపామంటే మొదటి సినిమా 6.6కు దిగుతుంది, రెండోది 8.06 దగ్గర నిలబడుతుంది. అభిమానులు విడుదల రోజు ఉదయం కుమ్మరించే పదులు ఎంత తేలికో దీన్నిబట్టి తెలుస్తుంది. రాటెన్ టొమాటోస్‌లో కనిపించే శాతం అసలు సగటే కాదు. ఎంతమంది విమర్శకులు బాగుందన్నారన్నది మాత్రమే చెబుతుంది. అందరూ ఐదుకు మూడు చొప్పున వేసి ఫర్వాలేదన్న సినిమాకు 100 శాతం రావచ్చు. సగంమంది ప్రాణం పెట్టి, సగంమంది విసుక్కున్న సాహసోపేతమైన సినిమా 50 దగ్గరే ఆగిపోతుంది. నా మటుకు నాకు రెండో రకం మీదే ఆసక్తి ఎక్కువ.

తెలుగు సినిమా చూసేవాళ్లకు ఇందులో ప్రత్యేకమైన నష్టం ఒకటుంది. కొత్త సినిమాకు మార్కుల చరిత్ర ఉండదు. దీన్ని కోల్డ్ స్టార్ట్ సమస్య అంటారు. పెద్ద హీరో సినిమాకు ఆ చరిత్ర మొదటి రాత్రే పోగవుతుంది. 2018లో వెంకటేశ్ మహా ఎక్కువగా విశాఖలోని కంచరపాలెం వాసులతో నటింపజేసి తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' లాంటి సినిమాకు ఆ బలం ఉండదు. దాన్ని నిలబెట్టింది చూసినవాళ్లు మరొకరికి చెప్పిన మాట. ఇక పాత సినిమాలు మరీ వెనకబడతాయి. 2.92 దగ్గర ఆగిపోయిన 'మా భూమి'ని మన ప్రేక్షకురాలి కళ్ల ముందుకు యంత్రం ఎప్పుడూ తేదు. ఆమె చూడదు కాబట్టి ఆ అంచనా తప్పని యంత్రానికి ఎన్నటికీ తెలియదు.

అందుకే ముందు సినిమా, తర్వాతే సర్వీసు అంటాను. చూడాలనుకున్న సినిమాల పేర్లు ఎక్కడో ఒకచోట రాసుకోండి, కాగితమైనా ఫోనైనా సరే. పది పదిహేను పోగయ్యాక అవి ఎక్కడున్నాయో జస్ట్‌వాచ్ లాంటి వెబ్‌సైట్‌లో వెతకండి. ఎక్కువ పేర్లు ఏ సర్వీసులో ఉంటే ఒక నెలకు అది తీసుకుని, ఆ జాబితా అయ్యాక ఆపి, మరో నెల మరొకటి తీసుకోవచ్చు. ఏడాది చందా చవకనిపిస్తుంది గానీ జాబితా ఖాళీ అయ్యాక మిగిలిన నెలలన్నీ యంత్రం ఎదుట కూర్చోవడానికే కడతాం.

ఒక సినిమా ఏ సర్వీసులో ఉంటుందన్నది హక్కుల మీద ఆధారపడుతుంది. హక్కులు దేశానికి విడిగా, భాషకు విడిగా, కాలానికి విడిగా అమ్ముతారు. 'ఆర్‌ఆర్‌ఆర్' దీనికి చక్కటి ఉదాహరణ. 2022 మే 20న తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ రూపాలు జీ5లో వచ్చాయి, అదే రోజు హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆ తర్వాత అమెరికాలో లక్షలమంది ఆ సినిమాను అభిమానించింది చాలావరకు హిందీ డబ్బింగులోనే. అక్కడి మన పిల్లలకు రామ్‌చరణ్, ఎన్టీఆర్ పలికిన తెలుగు వినిపించాలంటే మరో సర్వీసు తీసుకోవాల్సి వచ్చింది. చందా కట్టేముందు సినిమా ఉందా అని కాదు, ఏ భాషలో ఉంది, సబ్‌టైటిల్స్ ఉన్నాయా అని చూడాలి. తెలుగు కోసమే 2020లో మొదలైన ఆహా, ఆ బాటలోనే నడిచే ఈటీవీ విన్ లాంటివాటిని ఈ జాబితా దృష్టితోనే తూచుకోవాలి.

ప్లాన్లలో ధర ఒక్కటే చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ధరలు తగ్గించినప్పుడు మొబైల్ ప్లాన్ 149 రూపాయలు, ప్రీమియం 649 రూపాయలు అయ్యాయి. మొదటిది ఫోన్‌కో ట్యాబ్‌కో పరిమితం, 480 గీతల బొమ్మ. రెండోదాంట్లో 4కే వరకు, అంటే 2,160 గీతలు. ఇంట్లో 4కే టీవీ లేకపోతే ఆ తేడాకు డబ్బు పెట్టడం దండగ. ఉన్నా నెట్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు నిలకడగా రావాలి. ఇంకో చిన్న మెలిక ఫోన్‌లోనే ఉంటుంది. సినిమా కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ వ్యవస్థ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎల్1 స్థాయిలో, కొన్నిటిలో ఎల్3 స్థాయిలో ఉంటుంది. ఎల్3 ఫోన్లకు పెద్ద సర్వీసులు హెచ్‌డీ ఇవ్వవు, ఎంత ఖరీదైన ప్లాన్ కట్టినా సరే. ఫోన్ తెర మసకగా ఉందని నెట్‌ను తిట్టుకునేముందు ఇది చూసుకోవాలి.

పాత తెలుగు సినిమాలు చాలావరకు హక్కుదారులే యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టారు. వాటిని వెతుక్కునేవాళ్లకు ఒక విన్నపం. ఆ సినిమాల ఫ్రేము దాదాపు చదరం, వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు సుమారు మూడు పాళ్లు. కొందరు ఇప్పటి టీవీ తెర నిండాలని పైనా కిందా కోసేస్తారు. అలా 16:9కి కోస్తే బొమ్మలో సుమారు నాలుగో వంతు పోతుంది. 'మాయాబజార్'లో మార్కస్ బార్‌ట్లే కెమెరా ముందు సావిత్రి చేసిన నాట్యంలో పాదాలో, తల మీది కిరీటమో తెగిపోతే ఆ షాట్‌కు అర్థమేముంది? పక్కల నల్లటి పట్టీలున్న ప్రింటే మంచిది. 'మాయాబజార్'కైతే 2010లో రంగులద్దిన రూపం వేరుగా ఉంది. బార్‌ట్లే వెలుగునీడల పనితనం తెలియాలంటే నలుపు తెలుపుల్లోనే చూడాలి.

ఇక జాబితాలోకి పేర్లు ఎక్కణ్నుంచి రావాలి? నేను నమ్మే దారి, తెర వెనక పేర్లు పట్టుకుని నడవడం. యంత్రం ప్రేక్షకుల మధ్య పోలికలు వెతుకుతుంది. మనం సినిమా తీసినవాళ్ల మధ్య సంబంధాలు వెతకవచ్చు. 'మా భూమి'నే తీసుకోండి. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన ఈ సినిమాకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. గద్దర్ తెర మీద కనిపించి పాడిన సినిమా, సాయిచంద్‌కు మొదటి సినిమా. నిర్మాతల్లో ఒకరు బి. నర్సింగరావు. ఆయన పేరు పట్టుకుని వెళితే ఆయనే దర్శకత్వం వహించిన 1988 నాటి 'దాసి' ఎదురవుతుంది. దొర గడీలో పనిచేసే కమలాక్షి పాత్రకు అర్చన జాతీయ ఉత్తమ నటి అయ్యారు, మొత్తం ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. వాటిలో ఒకటి ఛాయాగ్రహణానికి, కెమెరామన్ అపూర్వ కిశోర్ బీర్. ఆ చీకటి గదుల్లో వెలుతురును అంత పొదుపుగా వాడిన మనిషి ఇంకేం చేశారో చూద్దామని వెళితే 1974లో అవతార్ కృష్ణ కౌల్ తీసిన హిందీ సినిమా '27 డౌన్' దగ్గర తేలుతాం. నలుపు తెలుపుల్లో, రైళ్లలో, కిక్కిరిసిన బొంబాయి ప్లాట్‌ఫారాల మీద కెమెరా చేతపట్టుకుని తీసిన సినిమా అది. హీరో ఎం.కె. రైనా రైల్వే టికెట్ కలెక్టర్, రాఖీ ఎల్‌ఐసీ ఉద్యోగిని. అక్కణ్నుంచి ఎటు వెళ్లాలన్నా దారులున్నాయి, ఎవరి పేరు పట్టుకుంటారన్నది మీ ఇష్టం.